చోళ్లు కొండ మీద, పిల్లలు కొండవాలులో: ఒక పలహారం ప్రాజెక్టు డైరీ

జూన్ మొదటి వారం, 2025

పని ఏమిటో ముందే రాసి పెట్టుకుంటున్నాను, తర్వాత ఎవరూ మాట మార్చకుండా. విశాఖపట్నం తాటిచెట్లపాలెం కొండవాలులో మా చర్చి చుట్టూ ఉన్న ఇళ్లలో బడికి వెళ్లే పిల్లలకి సాయంత్రం పూట పలహారం పెట్టాలి. అందులోకి కావలసిన చోళ్లు (రాగులు), సామలు, రాజ్‌మా అనంతగిరి వైపు కొండ మీద ఉన్న చిన్న రైతుల దగ్గర కొనాలి. రెండింటికీ ఒకే పద్దు.

కమిటీలో ఈ మాట పెట్టగానే ఒక పెద్దాయన, "రెండు పడవల మీద కాళ్లెందుకు బాబూ? పిల్లలకి పెడదాం, చాలు. రైతుల సంగతి చూడ్డానికి గవర్నమెంటు ఉంది" అన్నారు. మా పాస్టరు అయ్యగారు కాసేపు ఊరుకుని, "ఎలాగూ ఎవరో ఒకరి దగ్గర కొనాలి కదండీ. ఆ డబ్బు అక్కరలో ఉన్నవాడికే చేరితే మనకొచ్చిన నష్టమేముంది?" అన్నారు. ఇంకెవరూ మాట్లాడలేదు. పద్దు రాసే పని నా నెత్తిన పడింది, నా ఉద్యోగం కూడా అకౌంట్లే కాబట్టి.

సాయంత్రమే ఎందుకంటే, మధ్యాహ్నం బడిలో భోజనం ఉంది. 2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం ఆ భోజనంలో 1 నుంచి 5వ తరగతి వరకు పిల్లలకి 450 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీను ఉండాలి. 6 నుంచి 8 వరకు అయితే 700 కేలరీలు, 20 గ్రాములు. డొక్కా సీతమ్మ గారి పేరుతో నడుస్తున్న ఆ పథకం ఉంది కాబట్టి మధ్యాహ్నానికి బెంగ లేదు. బెంగంతా నాలుగు గంటల నుంచి ఎనిమిది వరకు. తల్లులు సీతమ్మధార, ద్వారకానగర్ అపార్ట్‌మెంట్లలో రెండో పూట పనికి వెళ్లి ఉంటారు. తండ్రులది తాపీ పని, పెయింటింగు, పోర్టు లారీలు. ఇంట్లో పొయ్యి వెలిగేసరికి ఎనిమిది దాటుతుంది. ఈలోపు కొట్లో దొరికే ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్టే పిల్లల ఆధారం.

కొన్ని కట్టుబాట్లు రాసుకున్నాం. పలహారానికి ముందు ప్రసంగం ఉండదు. సండే స్కూలుకి వచ్చే పిల్లకీ, రాని పిల్లకీ అదే ప్లేటు. ప్రార్థన చేసుకునేవాళ్లు చేసుకుంటారు, మిగతావాళ్లు చేతులు కడుక్కుని కూర్చుంటారు. పిల్లలు తింటుంటే ఫొటోలు తియ్యకూడదు. ఈ ఆఖరుదానికి యూత్ వాళ్లు మొహాలు ముడుచుకున్నారు. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదని ఆదివారం చదివి, సోమవారం వాట్సాప్ స్టేటస్ పెడితే ఏం బాగుంటుంది?

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్‌కి దరఖాస్తు పెట్టాం, ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ అది. మనం అమ్మడం లేదు కదా, ఇదెందుకని చాలామంది అడిగారు. మత సంబంధమైన, సామాజికమైన కూడికల్లో ఆహారం పంచేవాళ్లు కూడా చిన్న తయారీదారుల కిందికే వస్తారని నిబంధనల్లోనే ఉంది. ఏడాదికి 100 రూపాయల ఫీజు. ఆ వందకి ఆలోచించి రేపు ఏదైనా తేడా జరిగితే తలకాయ ఎక్కడ పెట్టుకుంటాం?

బడులు తెరిచాక

జూన్ 12న బడులు తెరిచారు. కొండ మీద జూన్‌లో చోళ్లు అమ్మేవాళ్లు ఉండరు. పాత పంట తినేసి, కొత్త నారు పోసుకునే రోజులవి. కాబట్టి మొదటి విడత సరుకు పూర్ణా మార్కెట్లోనే తెచ్చాం.

మొదటిరోజు చోడి జావ కాచాం. పిల్లలు గ్లాసులోకి చూసి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక గుంటడు పైకే అనేశాడు: "మల్లీ జావేనా ఆంటీ? బడిలో తాగొచ్చాం కదా." వాడి మాట నిజమే. 2023 మార్చి నుంచి ప్రభుత్వ బడుల్లో బెల్లం వేసిన రాగి జావ ఇస్తున్నారు. పొద్దున్న తాగినదే సాయంత్రం ఎవడు తాగుతాడు?

ఈ చిక్కుని స్త్రీల సమాజంలో ఒక పెద్దమ్మ విడదీసింది. ఆవిడది ఎస్.కోట దగ్గర పల్లెటూరు. చోళ్లని రాగులని ఎవరైనా అంటే ఇప్పటికీ చిరాకుపడుతుంది. "జావ మానీయండి. ఉండలు సెయ్యండి, ఆకలున్నోడు తింటాడు, లేనోడూ తింటాడు" అంది. చేసి చూపించింది కూడా. చోడిపిండిని నూనె చుక్క లేకుండా మందపాటి మూకుట్లో సన్నసెగ మీద వేయించాలి. పచ్చివాసన పోయి కమ్మటి వాసన రావడానికి కేజీన్నర పిండికి అరగంట దాకా పట్టింది, అంతసేపూ గరిటె ఆగకూడదు. 600 గ్రాముల వేరుశెనగ గుళ్లు వేయించి, పొట్టు చెరిగి, మరీ మెత్తగా కాకుండా దంచుకోవాలి. గుళ్లలోంచి దిగే నూనే ఉండకి పట్టు, నెయ్యి కొనే పని లేదు. 900 గ్రాముల అనకాపల్లి బెల్లం తురిమి, అన్నీ వేడి మీదే కలిపి చుట్టాలి. చల్లారితే విడిపోతాయి. ఈ లెక్కకి మనిషికి రెండు చొప్పున 60 మందికి సరిపోయాయి. పెద్దమ్మ చేతిలో ఉండ ఒక్కక్షణంలో గుండ్రంగా వచ్చేది. మా యూత్ కుర్రాళ్లు చుట్టినవి ఒక్కొక్కటి ఒక్కో ఆకారం. పిల్లలు వాటినే ఏరుకుని తిన్నారు, పెద్దగా ఉన్నాయని.

వారం మెనూ కుదిరింది. ఒకరోజు చోడి ఉండలు, ఒకరోజు ఉల్లిపాయ వేసిన చోడి అట్టు, ఒకరోజు ఉడికించిన గుడ్డు, అరటిపండు, మిగతా రెండు రోజులు గుగ్గిళ్లు. గుడ్డు గురువారం పెట్టుకున్నాం గానీ వెంటనే బుధవారానికి మార్చేశాం. కొండవాలులో సగం ఇళ్లు కనకమహాలక్ష్మి అమ్మవారికి గురువారం ఉంటాయి. మార్గశిరం వచ్చిందంటే ఆ రోజు నీచు గుమ్మం తొక్కదు. మనం పెట్టేది వాళ్లు తినగలిగేలా ఉండాలి కదా.

జూన్ నెలాఖరు: డబ్బు సంగతి

మూడు దారుల్లో వస్తోంది. ఆదివారం విడిగా పెట్టిన కానుక పెట్టె, పుట్టినరోజులకి ఒకరోజు పలహారం తమ ఖర్చు అనేవాళ్లు, మూడోది పిడికెడు బియ్యం. పాతకాలం ఆడవాళ్లు వంటకి బియ్యం కొలిచినప్పుడల్లా ఒక పిడికెడు తీసి డబ్బాలో వేసి, నెలకోసారి చర్చికి తెచ్చేవాళ్లు. మిజోరంలో 1910లో మొదలైన ఇలాంటి పిడికెడు బియ్యం మీదే సంఘాల పనులు ఎన్నో నడిచాయని మా అయ్యగారు చెబితే, మా వాళ్లకి మళ్లీ ఊపు వచ్చింది. వచ్చిన బియ్యం రకరకాలు, సోనామసూరితో రేషన్ బియ్యం కలిసిపోయి అన్నానికి పనికిరావు. నూక పట్టించి అట్ల పిండిలో కలిపేస్తున్నాం.

అమెరికాలో ఉన్న మా సంఘస్థుల అబ్బాయి నెలనెలా పంపుతానన్నాడు. ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నవాడు తన జీతంలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అతని అన్నయ్యకి అక్కడి పౌరసత్వం వచ్చేసింది. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ లేని మాలాంటి చర్చి ఆయన దగ్గర రూపాయి కూడా ముట్టుకోకూడదు. ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే. ఇది ఆ తల్లికి అర్థమయ్యేలా చెప్పడానికి నాకు దేవుడు కనిపించాడు.

జులై: కొండ మీదికి

పొద్దున్న కిరండోల్ పాసింజరు ఎక్కాం. అయ్యగారు, నేను, యూత్‌లో అగ్రికల్చర్ డిప్లొమా చదివిన కుర్రాడు. బొర్రా దాటితే బోగీలో టూరిస్టులు సగానికి సగం ఖాళీ. దిగినచోటు నుంచి జీపు, ఆపైన నడక. ఊరి పేరు ఇక్కడ రాయను, వాళ్లకి లేనిపోని తాకిడి ఎందుకు. ఆరు కుటుంబాలు మాతో మాట్లాడ్డానికి ఒప్పుకున్నాయి. అందులో సగం మంది మన విశ్వాసులు, సగం కాదు. కొనడంలో ఆ తేడా చూడబోమని మొదటే చెప్పేశాం.

చోడి నారు ఊడుస్తున్నారు. పాత పద్ధతిలో అయితే గింజలు చల్లేస్తారు, మొక్క మీద మొక్క వస్తుంది. ఈ మధ్య గుళి పద్ధతి అని ఒకటి ఆ చుట్టుపక్కల వ్యాపించింది. పొలంలో అడ్డంగా, నిలువుగా తాడు పట్టి గీతలు గీస్తారు. గీతలు కలిసినచోట చిన్న గుంట తీసి, ఇంత పశువుల ఎరువు వేసి, లేతనారు పెడతారు. దూరం దూరంగా ఉండటంతో మొక్క బాగా పిలకలు వేస్తుంది, మధ్యలో గొప్పు తవ్వడం సులువు. ఒక రైతు పొలంలో రెండు పద్ధతులూ పక్కపక్కనే ఉన్నాయి. "ఇది మా నాయిన పద్ధతి, అది మా ఆవిడ పద్ధతి. ఏది గెలుస్తాదో సూడాల" అని నవ్వాడు.

దిగుబడి అడిగితే, బాగా పండితే ఎకరానికి నాలుగైదు క్వింటాళ్లు అన్నారు. తిరుగు రైల్లో కూర్చుని లెక్క వేశాను. ఉండలకి వారానికి కేజీన్నర పిండి, అట్లకి రెండున్నర కేజీలు, మొత్తం 4 కేజీలు. బడులు ఏడాదికి 40 వారాలు నడుస్తాయనుకుంటే 160 కేజీలు. అంటే మా 60 మంది పిల్లలు ఏడాది పొడుగునా తినే చోళ్లు అరెకరం లోపే పండుతాయి. ఆరు కుటుంబాల్లో ఒక్క కుటుంబం పొలంలో ఓ మూల.

ఆ అంకె అయ్యగారికి చూపించాను. ఆయన చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసి, "అయితే పిల్లలకి పెడుతూ రైతుల్ని ఆదుకుంటున్నామని రిపోర్టులో రాస్తే అబద్ధమే కదూ" అన్నారు. అబద్ధమే. పలహారం మంచిదే గానీ అది రైతుకి గిట్టుబాటు అయ్యే కొనుగోలు కాదు. మరి కొనేవాళ్లెవరు? లెక్క ఇంకొంచెం ముందుకి నడిపాను. మా సంఘంలో 140 కుటుంబాలు. అందులో సగం ఇళ్లు నెలకి రెండేసి కేజీలు కొన్నా నెలకి 140 కేజీలు, ఏడాదికి 16, 17 క్వింటాళ్లు. అంటే దగ్గర దగ్గర నాలుగు ఎకరాలు. పిల్లల ప్లేటు కన్నా పది రెట్లు పెద్ద బేరం ఆదివారం మా బెంచీల మీదే కూర్చుని ఉంది.

షుగరున్న పెద్దవాళ్లందరూ సూపర్ మార్కెట్లలో రాగిపిండి ప్యాకెట్లు కొంటూనే ఉన్నారు. వాళ్లని ఇటు తిప్పాలి.

ఆగస్టు

వాన. కొండవాలు మెట్ల మీద నీళ్లు కాలవల్లా దిగుతుంటే పెద్ద గిన్నెలు పైకి మొయ్యడం తప్ప ఈ నెల రాయడానికి ఎక్కువ లేదు. ఒక్క సంగతి. ఆశా వర్కరు అమ్మాయి వచ్చి, నులిపురుగుల మాత్ర వేయించారా అని అడిగింది. ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో, ఆగస్టులో బడుల్లో ఆల్బెండజోల్ ఇస్తారు. ఆ రోజు బడికి రాని పిల్లల లిస్టు తీస్తే మా దగ్గరికి వచ్చేవాళ్లు తొమ్మిదిమంది తేలారు. కడుపులో పురుగులుంటే మన చోడి ఉండల్లో సగం వాటికే. వాళ్లకి వేయించే బాధ్యత ఆ అమ్మాయే తీసుకుంది.

సెప్టెంబరు: సామల చిక్కు

సామలు కోతకి వచ్చాయని కొండ మీది నుంచి కబురు. శాంపిల్‌గా ఒక సంచి తెప్పించాం. ఇక్కడే చోళ్లకీ సామలకీ తేడా తెలిసింది. చోళ్లు దులిపి, చెరిగి, రాళ్లు తీసి మరలో పోస్తే పిండి. సామలకి పొట్టు తియ్యాలి. అది గింజని అంటిపెట్టుకుని ఉంటుంది, ఒలుచుకుని రాదు. మాకు తెలిసిన బియ్యం మరలో పోస్తే సగం నూకైపోయింది, సగం పొట్టుతోనే బయటికి వచ్చింది. చిరుధాన్యాలకి ప్రత్యేకమైన పొట్టు తీసే మిషను ఉండాలి. కొండ మీద ఆడవాళ్లు రోట్లో పోసి దంచుతారు, చెరుగుతారు, మళ్లీ దంచుతారు. మూడింట ఒక వంతు పొట్టూ తవుడుగానే పోతుంది.

కమిటీలో ఒకరు, "మిషను మనమే కొనిచ్చేద్దాం, ప్రారంభోత్సవం పెట్టుకోవచ్చు" అన్నారు. ఈ ప్రారంభోత్సవం మాట వినబడితే నాకు టెన్షన్ మొదలవుతుంది. కరెంటు ఎవరు కడతారు, బెల్టు తెగితే ఎవరు వేస్తారు, ఎవరి వాకిట్లో పెడతారు? ఇవి తేలకుండా కొన్న మిషను ఏడాది తిరక్కుండా టార్పాలిన్ కింద పడి ఉంటుంది. అలాంటివి మన్యంలో ఊరికొకటి చూపిస్తారు. మిషను ప్రస్తుతానికి వద్దని రాశాం. ఆడవాళ్లు దంచి ఇచ్చిన సామబియ్యం మాత్రం కొంటాం, గింజ ధరకి కాదు, దంచిన కూలి కలిపిన ధరకి. పండగలకి పిల్లలకి సామ పులిహోర చెయ్యడానికి అది చాలు.

అక్టోబరు

దసరా సెలవుల్లో పలహారం ఆపాలా వద్దా అని వాదన. బడి లేని రోజున మధ్యాహ్న భోజనం కూడా ఉండదు కాబట్టి సెలవుల్లోనే ఎక్కువ అవసరమని పెద్దమ్మ తేల్చేసింది. నడిపాం.

నెలాఖరులో మొంథా తుపాను. అక్టోబరు 28 రాత్రి మచిలీపట్నం, కాకినాడ మధ్య తీరం దాటింది గానీ వాన మాత్రం మనల్ని వదల్లేదు. బడులకి సెలవు, కిరండోల్ పాసింజరు రద్దు, ఘాట్ రోడ్డు మీద రాకపోకలు లేవు. మా చర్చి హాల్లో కొండవాలు కుటుంబాలు కొన్ని పడుకున్నాయి. చోడి ఉండలు అప్పుడు పెద్దవాళ్ల కడుపు కూడా నింపాయి.

నా మనసంతా కొండ మీద. వెన్నులు గింజ పట్టి, కోతకి దగ్గరపడిన చేలు. ఫోను సిగ్నల్ లేదు. వానలు తగ్గాక ఒక కుర్రాడు ఎత్తుగా ఉన్నచోటికి ఎక్కి ఫోన్ చేశాడు: "సగం పడిపోనాయి సార్. గుళివి నిలబడ్డాయి, సల్లినవి పడుకున్నాయి." అంటే జులైలో నవ్విన ఆ రైతు వాళ్ల ఆవిడ పద్ధతి గెలిచింది.

నవంబరు: కాటా దగ్గర

మద్దతు ధర ఈ ఏడాది చోళ్లకి క్వింటాలు 4,886 రూపాయలు, కిందటేడాది కన్నా 596 ఎక్కువ. కేజీకి 49 అనుకోండి. మేం 55 ఇస్తామని జులైలోనే మాట ఇచ్చాం. తుపాను తర్వాత సంతలో ధర ఎటు పోతుందో తెలియక కమిటీలో గుసగుసలు మొదలయ్యాయి. అయ్యగారు ఒప్పుకోలేదు. పెరిగితే కలుపుతాం, తగ్గితే తగ్గించం, ఇచ్చిన మాట ఇచ్చినట్టే.

కొనే రోజున కల్లం దగ్గర ఏం జరిగిందో వివరంగా రాస్తాను, వచ్చే ఏడాది వెళ్లేవాళ్లకి పనికొస్తుంది.

బ్యాటరీ కాటా మాతో తీసుకెళ్లాం. దాంతోపాటు ముద్ర ఉన్న 5 కేజీల ఇనపరాయి కూడా. మొదట రాయిని కాటా మీద పెట్టి అందరికీ అంకె చూపించాం. వాళ్లలో ఒక ముసలమ్మ అది చాలక, ఇంటి నుంచి తన కుంచం తెచ్చి, కొలిచి పోసి, "ఇప్పుడు తుయ్" అంది. తూచాం. ఆవిడ వేళ్ల మీద ఏదో లెక్క చూసుకుని తల ఊపింది. సంతలో ఎన్నేళ్ల నుంచి మోసపోయిన వేళ్లో అవి.

తడి చూడ్డానికి మిషను లేదు. నిల్వకి తేమ 12 శాతం లోపు ఉండాలంటారు. పెద్దమ్మ నేర్పిన పరీక్ష ఇది: చెయ్యి సంచి లోపలికంటా, మణికట్టు దాటేలా దూర్చాలి. లోపల చల్లగా తగిలితే తడి ఉన్నట్టే. గుప్పెడు తీసి గట్టిగా పిసికి వేళ్లు విప్పాలి. ఆరిన గింజ జారిపోయి అరచెయ్యి శుభ్రంగా కనబడాలి. అరచేతికి అంటుకుని గింజలు మిగిలితే ఇంకా ఎండబెట్టాలి. మొదటిరోజు సగం సంచులు ఈ పరీక్షలో ఆగిపోయాయి. వెనక్కి పంపడం కాకుండా, మేం తెచ్చిన టార్పాలిన్లు అక్కడే వదిలేసి, రెండు ఎండలు కాశాక మళ్లీ వెళ్లాం.

వానకి మొలకెత్తినవి, నల్లబడినవి విషయంలో మాత్రం మొహమాటపడలేదు. బూజు వాసన ఉన్నది పిల్లల నోట్లోకి పోకూడదు. ఆ వెన్నులు కొట్టకముందే వేరు చేస్తే మంచి గింజ ధర మీద దెబ్బ పడదని చెప్పాం. ఆడవాళ్లు కూర్చుని ఏరారు. ఏరిన కూలి మేమే ఇచ్చాం. నల్లబడినవి కోళ్లకి పోయాయి.

డబ్బు అక్కడికక్కడే, నోట్ల రూపంలో. ఫోన్‌పే ఉన్న కుర్రాళ్లున్నారు గానీ టవర్ లేదు. తూచిన కేజీలు, ధర, మొత్తం ఒక కాగితం మీద రాసి, వాళ్లకి చదివి వినిపించి, ఒక కాపీ ఇచ్చాం. మొత్తం 11 క్వింటాళ్లు వచ్చింది. అనుకున్నదాని కన్నా తక్కువే, తుపాను పుణ్యమా అని.

ఒక రైతు మాత్రం మాకు అమ్మలేదు. షావుకారుకి ఇచ్చేశాడు, కేజీకి 40 లెక్కన. మా కుర్రాడు ఆవేశపడి, "అంత తక్కువకి ఎలా ఇచ్చావు మామా?" అని అడిగాడు. ఆయన భార్య అందుకుంది: "ఆషాఢంలో మా గుంటకి జొరమొస్తే అర్ధరాత్రి జీపు పంపినోడు ఆడే. ఇత్తనానికి డబ్బిచ్చినోడూ ఆడే. మీరు మంచోలే. కానీ పంటయ్యాక వొస్తారు."

దీనికి మా దగ్గర జవాబు లేదు. షావుకారుని తిట్టిపొయ్యడం తేలిక. అతను తక్కువ ధరకి కొంటున్నాడు, నిజమే, కానీ ఏడాది పొడుగునా ఆ ఊళ్లో ఉంటున్నాడు. ఆకలి నెలల్లో అప్పు దొరికే చోటు అదొక్కటే.

డిసెంబరు: ఆదివారం బల్ల

బస్తాలు చర్చి మేడ మీద గదిలో, నేల తగలకుండా చెక్కల మీద పెట్టాం. చోళ్లకి పురుగు అంత తొందరగా పట్టదు, గింజగా ఉన్నంత కాలం భయం లేదు. పిండి చేస్తేనే తొందరగా కమురు వాసన వస్తుంది. అందుకని ఆ వారానికి కావలసినంతే మరకి పంపుతున్నాం.

ఆరాధన అయ్యాక వాకిట్లో బల్ల వేశాం. గింజ కేజీ 65, పిండి 75. రైతుకి ఇచ్చిన 55, జీపు, రైలు, మర, చెరిగితే పోయే తాలు, అన్నీ బోర్డు మీద సుద్దతో రాశాం. మిగిలేది కేజీకి మూడు నాలుగు రూపాయలు, అది పిల్లల పద్దులోకి. మొదటి ఆదివారం జనం బోర్డు చదివి మెచ్చుకుని వెళ్లిపోయారు. కొన్నవాళ్లు తక్కువ. రెండో ఆదివారం పెద్దమ్మ బల్ల పక్కనే పెనం పెట్టి చోడి అట్లు పోసింది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి వాసన గేటు దాటి వెళ్లింది. సరుకు అయిపోయింది. ఇంత చదువుకున్న నా బోర్డు కన్నా ఆవిడ పెనమే బాగా పనిచేసింది.

మా చర్చికి సంబంధం లేనివాళ్లు, వీధిలో వాకింగుకి వెళ్లే షుగరు పేషెంట్లు కూడా ఆగుతున్నారు. 100 గ్రాముల చోళ్లలో 340 మిల్లీగ్రాములకి పైనే కాల్షియం ఉంటుందన్నది నిజం, అది చెబుతున్నాం. షుగరు తగ్గిపోతుందని మాత్రం చెప్పొద్దని బల్ల దగ్గర కూర్చునేవాళ్లకి గట్టిగా చెప్పాను. అన్నం మానేసి అంబలి నాలుగు గ్లాసులు తాగితే తగ్గేదేమీ ఉండదు.

కొత్త రాజ్‌మా కూడా దిగింది. దీని గురించి వంటవాళ్లకి గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టాం: రాత్రంతా నానబెట్టాలి, నానిన నీళ్లు పారబొయ్యాలి, కొత్తనీళ్లలో కుక్కర్లో మెత్తగా ఉడకాలి. సరిగా ఉడకని రాజ్‌మాలో ఉండే ఒక విషపదార్థం వల్ల వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి. సన్నసెగ మీద గోరువెచ్చగా ఉడికిస్తే అది పోదు, ఇంకా పెరగొచ్చు కూడా. గింజ వేళ్ల మధ్య నొక్కితే మెదిగిపోవాలి, అప్పుడే తాలింపు. పిల్లలకి రాజ్‌మా గుగ్గిళ్లు నచ్చాయి. పైన కొబ్బరికోరు పడితే గిన్నె ఖాళీ.

గుడ్డు ధర కొండెక్కింది. ప్రతి డిసెంబరులోనూ ఇంతే, అయినా ప్రతి డిసెంబరులోనూ కమిటీ ఆశ్చర్యపోతుంది. గుడ్డు తియ్యలేదు, అరటిపండు తీశాం.

క్రిస్మస్‌కి పిల్లలకి కొత్తబట్టలు అని ఒక దాత ముందుకొచ్చారు. కానీ స్టేజి మీద ఇవ్వాలట, బ్యానరు కట్టాలట. అయ్యగారు ఆయనకి నచ్చజెప్పి, తల్లుల చేతికి కూపన్లు ఇప్పించారు. తల్లులే కొనుక్కున్నారు.

జనవరి 2026

పద్దు మూసే నెల. చోళ్లలో ఏడు క్వింటాళ్లు బల్ల మీద, పిల్లల వంటలో ఖర్చయ్యాయి, నాలుగు మేడ మీద ఉన్నాయి. పిల్లల బరువులు ఆశా అమ్మాయి జూన్‌లోనూ ఇప్పుడూ రాసింది. పెరిగారు. ఆర్నెల్లలో ఏ పిల్లలైనా పెరుగుతారు కాబట్టి దీన్ని మా గొప్పగా రాయడం లేదు. బడి మానేసే అలవాటున్న ముగ్గురు సాయంత్రం మాత్రం తప్పకుండా వస్తున్నారు, వాళ్లని పొద్దున్న బడికి లాగడం ఎలాగన్నది టీచర్లతో మాట్లాడుతున్నాం.

అసలు చర్చ అడ్వాన్సు మీద జరిగింది. నవంబరులో ఆ తల్లి అన్న మాట నేను మీటింగులో ఉన్నదున్నట్టు చదివాను. జూన్, జులైలో కుటుంబానికి 3,000 చొప్పున ముందుగా ఇచ్చి, నవంబరులో చోళ్లు తీసుకునేటప్పుడు మినహాయించుకుందామని ప్రతిపాదన. ఎగ్గొడితే అని ఒకరు, వడ్డీ ఎంత అని ఇంకొకరు. మా పెద్దాయన, రెండు పడవల మాట అన్న ఆయనే, లేచి నిర్గమకాండం 22వ అధ్యాయం తియ్యమన్నారు. బీదవాడికి అప్పిచ్చి వడ్డీ తీసుకోవద్దని అక్కడ స్పష్టంగా ఉంది. "వడ్డీ సంగతి వదిలెయ్యండి. ఎగ్గొడితే ఆ ఏడాది మన కానుక అనుకుందాం" అన్నారు. మొదటి 3,000 ఆయనే రాశారు.

షరతులు పెట్టాలా అన్నదాని మీద నాకూ మా కుర్రాడికీ పడలేదు. అడ్వాన్సు తీసుకున్నవాళ్లు పంటంతా మాకే అమ్మాలని వాడి వాదన. అలా అయితే షావుకారుకీ మనకీ తేడా ఏమిటని నేనన్నాను. చివరికి, ఇచ్చిన డబ్బుకి సరిపడా గింజ ఇస్తే చాలు, మిగతాది ఎక్కడ ధర బాగుంటే అక్కడ అమ్ముకోవచ్చని రాసుకున్నాం. షావుకారు దగ్గర పాత బాకీ ఉన్నవాళ్లని ముందు అది తీర్చుకోమనే చెప్పాం. ఊళ్లో వాళ్లిద్దరి మధ్య మనం చిచ్చు పెట్టి బస్సెక్కి వచ్చేస్తే రాత్రి జ్వరానికి జీపు ఎవరు పంపుతారు?

కోతకాలపు పండుగకి కొండ మీది కుటుంబాలు దిగి వచ్చాయి. గుమ్మడికాయలు, పనస పిందెలు, పసుపు కొమ్ములు, రాజ్‌మా తెచ్చి బలిపీఠం ముందు పెట్టారు. ఆనవాయితీ ప్రకారం ఆరాధన తర్వాత వేలంపాట. ఒక గుమ్మడికాయ 1,200 పలికింది. ఇది చూసి కొండ మీది ముసలమ్మ, కుంచం తెచ్చినావిడ, నోరు నొక్కుకుని, "ఇంత ధరుంటే మాం సంతకెందుకెల్తున్నాం బాబూ?" అంది. వేలంపాట గుమ్మడికాయ ధర రోజూ ఉండదని ఆవిడకి చెప్పేసరికి మా అందరికీ నవ్వాగలేదు.

వెళ్లేముందు ఆ కొత్త పద్ధతి రైతు నన్ను పక్కకి పిలిచాడు. ఈసారి ఎకరం అంతా గుళి పెడతానన్నాడు. రాజ్‌మా కూడా ఎక్కువ వెయ్యాలని ఉందట. "ఎంత వెయ్యమంటారు సార్? మీరు ఎంత కొంటారో ముందే సెబితే దానికి తగ్గట్టు దున్నుకుంటాం."

నోటిమాటగా ఒక అంకె చెప్పలేదు. ఫిబ్రవరిలో ప్రతి ఆదివారం బల్ల దగ్గర ఒక పుస్తకం పెడుతున్నాం. ఏ ఇంటికి నెలకి ఎన్ని కేజీల చోళ్లు, ఎంత రాజ్‌మా కావాలో ఏడాదికి సరిపడా రాసి సంతకం పెట్టాలి. ఉగాది లోపు ఆ పుస్తకం మొత్తం కూడి, అంకె పట్టుకుని కొండెక్కుతాం. మొదటి పేజీలో ఇప్పటికి 23 ఇళ్లున్నాయి.